ఆరున్నర బడి

ఆ రోజు నేను బడికి వెళ్ళింది మా అమ్మాయికి టీసీ తీసుకోవడానికి. ఇంటికి తిరిగొచ్చింది మాత్రం బడి కమిటీ చైర్మన్‌గా. మధ్యలో ఏం జరిగిందో మా ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు పూటలు పట్టింది.

మాది పొదిలికీ వినుకొండకీ మధ్యన ఉన్న ఒక మెట్ట పల్లె. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాం, పక్కన ఉన్న చెక్కలో పత్తి. ఊళ్ళో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. రెండు గదులు, ముందు పొడుగాటి వరండా, ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు. మా అమ్మాయి అప్పుడు రెండో తరగతి. ఊళ్ళోకి ప్రైవేటు స్కూలు పసుపు వ్యాను రావడం మొదలయ్యాక మా వీధిలో ఒక్కొక్కరే పిల్లల్ని అందులో ఎక్కించేశారు. మెడలో టై, కాళ్ళకు బూట్లు వేసుకుని కిటికీలోంచి చేతులూపే పిల్లల్ని చూసి మా అమ్మాయి ఒక పూట అన్నం కూడా మానేసింది. నేను ఇంటర్‌ రెండుసార్లు రాసి రెండుసార్లూ ఇంగ్లీషులో తప్పినదాన్ని. నా కూతురికి ఆ గతి పట్టకూడదని నాకూ పట్టుదలే.

నేను వెళ్ళేసరికి హెడ్మాస్టారు నీళ్ళ ట్యాంకు గట్టు మీద నిలబడి, ఫోను ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని ఉన్నారు. వండిన అన్నం ఫోటో, గుడ్ల ఫోటో, మరుగుదొడ్డి ఫోటో రోజూ పై ఆఫీసుకు పంపాలట. బడి మొత్తంలో సిగ్నలు దొరికేది ఆ గట్టు మీదే. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది. పొదిలి నుంచి పాత స్కూటరు మీద వచ్చేవారు.

"టీసీయా అమ్మా? ఇస్తాను. ఇవాళ కమిటీ ఎన్నిక ఉంది. కాసేపు కూర్చోండి, అది అయిపోగానే రాసిస్తాను" అన్నారు గట్టు దిగుతూ.

వరండాలో ముప్ఫై మంది దాకా తల్లులు కూర్చుని ఉన్నారు. చర్చి దగ్గర కాలనీ వాళ్ళే ఎక్కువ. వాళ్ళంతా మా చేలల్లో పనికి వచ్చేవాళ్ళే. చిన్న తరగతులు చెప్పే టీచరమ్మ ఒక్కొక్కరినే అడుగుతుంటే ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. "మాకు రాదండీ", "మాకు తీరదండీ" అంటున్నారు. నాకేమో తొందర. ఇంటి దగ్గర గేదె ఈనేటట్టుంది.

"ఎవరో ఒకరు సరేననండమ్మా! ఓ సంతకం పెట్టడమేగా, దానికింత ఆలోచన దేనికీ?" అని గట్టిగా అనేశాను.

వరండా చివర మెట్టు మీద కూర్చున్న ఒకావిడ లేచి నిలబడింది. మిరప కోతలకు ఆడవాళ్ళను కూడగట్టి ఆటోలో చేలకు తీసుకెళ్ళే ముఠా మేస్త్రి ఆమె. మా చేలో కోతలకూ ఆమె ముఠానే వచ్చేది. పొడగరి. ఆమె మాట్లాడితే రెండు చేలవతలికి వినపడుతుంది.

"ఇక్కడ నోరున్న మనిషి ఈ అమ్మ ఒక్కతే. ఈమెనే పెట్టండి సార్. మాకందరికీ ఇష్టమే" అంది.

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. నా పక్కన కూర్చున్నావిడ నా చెయ్యి కూడా పట్టుకుని పైకెత్తింది.

"నేను టీసీ కోసం వచ్చానండీ" అన్నాను హెడ్మాస్టారితో.

"చైర్మన్ గారి పిల్లే వెళ్ళిపోతే బాగుండదేమోనమ్మా" అన్నారాయన, నవ్వకుండా.

నన్నిలా ఇరికించినందుకు ఆ మేస్త్రమ్మను వైస్ చైర్మన్ చేయాల్సిందేనని నేను పట్టుబట్టాను. ఆమె "అయ్యో, నేనేందమ్మా!" అంటూనే ఒప్పుకుంది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత నెల రోజుల పాటు "చైర్మన్ గారూ, మజ్జిగేమన్నా ఉందా?" అనే అడిగాడు.

మొదటి మీటింగుకు కుర్చీలు ఆరే ఉన్నాయి. నాకొకటి వేశారు. మేస్త్రమ్మ అలవాటు ప్రకారం మెట్టు మీద కూర్చుంది. హెడ్మాస్టారు లోపలికి వెళ్ళి పిల్లలు కూర్చునే పట్టా తెచ్చి వరండాలో పరిచి, తానే ముందు దాని మీద కూర్చున్నారు. ఆయన కింద కూర్చున్నాక నేను కుర్చీలో ఎలా కూర్చుంటాను? అందరం పట్టా మీదికి చేరాం. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా మా మీటింగులు పట్టా మీదే.

బడి సంగతులు నాకు అప్పటిదాకా ఏమీ తెలియవు. హెడ్మాస్టారు ఒకే గదిలో మూడు తరగతులకు చెబుతారు. మూడో తరగతికి ఎక్కాలు రాయమని చెప్పి, నాలుగుకు పాఠం చదివించి, ఐదుకు లెక్క వేసి, మళ్ళీ మూడు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు పలకల మీద బొమ్మలు గీస్తూ ఉంటారు. టీచరమ్మకు ఇంట్లో చంటిబిడ్డ. బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చి, కొంగు దోపుకుని పాఠం మొదలుపెట్టేది. ఆమె ఒకటో తరగతి పిల్లలకు 'అ' రాయించడం కిటికీలోంచి చూశాను. ప్రతి పిల్ల చెయ్యీ పట్టుకుని దిద్దించింది. టీసీ సంగతి ఆ తర్వాత నేనెత్తలేదు. మా అమ్మాయీ వ్యాను సంగతి మర్చిపోయింది. దానికి పక్కన కూర్చునే స్నేహితురాలొకత్తె దొరికింది. ఇంటికి రాగానే ఆ పిల్ల కబుర్లే.

మిరప పండు దిగేవరకూ అంతా బాగానే ఉంది.

కోతలు మొదలైన వారానికి బడి సగం ఖాళీ అయింది. యాభై ఎనిమిది మంది రావలసినచోట ఇరవై మంది కూడా లేరు. "ఏటా ఇంతేనమ్మా. కోతలప్పుడు పోయినవాళ్ళు మళ్ళీ ఎండాకాలం సెలవులకు ముందు కనపడతారు. అప్పటికి నేర్చుకున్నదంతా మర్చిపోతారు" అన్నారు హెడ్మాస్టారు. మా అమ్మాయి స్నేహితురాలు కూడా రావడం లేదు. "అమ్మా, అదెందుకు రావట్లేదో కనుక్కో. నువ్వు చైర్మన్‌వి కదా!" అని రోజూ నా ప్రాణం తీసేది.

కనుక్కోవడానికి నేనెక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది. ఒకరోజు పదింటికి మా ఆయనకు సద్ది తీసుకుని మా చేలోకే వెళ్ళాను. ఆడవాళ్ళు చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్ళు చుట్టుకుని వరసలు పట్టి కోస్తున్నారు. ఆ వరసల మధ్యలో ఒక చొక్కా మరీ పొట్టిగా కదులుతోంది. చేతులు నాలుగు మడతలు పెట్టిన పెద్ద చొక్కా, నేల మీద ఈడుస్తున్న గోతం. దగ్గరికి వెళ్ళి చూస్తే మా అమ్మాయి స్నేహితురాలు. నన్ను చూసి సిగ్గుపడి, కాయలు కోసిన చేత్తోనే ముఖం తుడుచుకుంది. అంతే, కళ్ళు మండి కెవ్వుమంది.

సద్ది గట్టు మీద పడేసి పరిగెత్తాను. సీసాలో నీళ్ళన్నీ ఆ పిల్ల కళ్ళలోకి కొట్టాను. మా ఆయనకు తెచ్చిన మజ్జిగ దాని చేతుల మీద పోశాను. చాలాసేపు ఏడ్చి, వెక్కిళ్ళు తగ్గాక, ఎర్రబడ్డ కళ్ళు సగం తెరిచి ఆ పిల్ల నన్ను అడిగింది.

"చైర్మనమ్మా, ఇవాళ బళ్ళో గుడ్డు పెడతారా?"

వేరే వాళ్ళ చేలో అయితే వెళ్ళి పోట్లాడి ఉండేదాన్ని. ఇది మా చేను. ఆ గోతంలో ఉన్నవి మా కాయలు.

ఆ సిగ్గునంతా కోపం చేసుకుని మేస్త్రమ్మ మీదికి వెళ్ళాను. "పిల్లల్ని ఎందుకు తీసుకొచ్చారు? కమిటీలో మనమిద్దరం ఉండి కూడా ఇదేనా?"

ఆమె వంచిన నడుము ఎత్తి నిలబడింది. ఈసారి గొంతు పెంచలేదు.

"మేమేమన్నా సరదాకి తెచ్చామా అమ్మా? ఆటో ఆరున్నరకి. బడేమో తొమ్మిదికి. మధ్యలో ఈ పిల్లని ఎవరి చేతుల్లో పెట్టమంటావు? గుడిసెకి గొళ్ళెం పెట్టి పొమ్మంటావా? ఎండెక్కకముందే కోత సాగాలంది మీ ఆయనే గదా. ఇక్కడికొచ్చినాక గట్టు మీద కూర్చోమంటే కూర్చుంటారా పిల్లలు? తల్లి వెనకాలే ఇంత కోస్తారు."

ఆ సాయంత్రం మా ఆయనతో, "రేపట్నుంచి తొమ్మిదింటికి రమ్మందామా కోతకి?" అన్నాను. ఆయన ఆలోచించి, "మనం రమ్మన్నా వాళ్ళు ఒప్పుకోరే. మధ్యాహ్నం ఎండలో మిరపచేలో వంగడం ఎట్లా ఉంటుందో నీకు తెలీదా?" అన్నాడు. అదీ నిజమే. చేను వేళ మార్చుకోదు. మారితే బడే మారాలి.

ఆదివారం చర్చి వదిలాక బడి వరండాలో మీటింగు పెట్టాం. సెలవు రోజైనా హెడ్మాస్టారూ, టీచరమ్మా పొదిలి నుంచి వచ్చారు. టీచరమ్మ చంటిబిడ్డను ఎత్తుకునే వచ్చింది. ఆ బిడ్డ మీటింగు అయ్యేవరకూ ఒకరి ఒడిలోంచి ఒకరి ఒడిలోకి తిరిగాడు.

"బడి ఆరున్నరకు తెరుద్దాం సార్" అన్నాను.

హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, తాళంచెవులు నేను ఎవరికీ ఇవ్వకూడదు. నేను లేనప్పుడు ఏ పిల్లాడన్నా పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే సమాధానం నేను చెప్పాలి" అన్నారు.

"నాకు మొదటి బస్సే ఎనిమిదిన్నరకు వస్తుంది" అంది టీచరమ్మ, తప్పు చేసినదానిలా.

అప్పుడు మేస్త్రమ్మ అత్తగారు, ఎనభై దగ్గర పడ్డ ముసలావిడ, చేతికర్ర పక్కన పెట్టి అంది. "నేనుంటా పిల్లల కాడ. వంగి కాయ కోయలేను గానీ, కూర్చుని ఒక కన్నేసి ఉంచలేనా? చర్చిలో పిల్లలకి పాటలు నేర్పింది నేనే గదా ఇన్నాళ్ళూ."

ఆవిడ వెనక ఒక తాత నిలబడి ఉన్నాడు. ఐదో తరగతి పిల్లాడి తాత. గుంటూరు మిరపయార్డులో చాలా ఏళ్ళు కాటా వేసి వచ్చాడు. అందరూ కాటా తాత అంటారు. "నాకు చదువు రాదు గానీ లెక్క వచ్చుద్ది. పనికొస్తానంటే నేనూ ఉంటా" అన్నాడు.

"మధ్యాహ్నం వంట చేసేదాన్ని పొద్దున వస్తే ఏం పోయింది? రాగిజావ ఏడింటికే కాస్తా" అంది వంటావిడ.

టీచరమ్మ తలెత్తింది. "ఏ పిల్లతో ఏం చేయించాలో ముందు రోజు సాయంత్రమే వరండా బోర్డు మీద రాసిపెట్టి వెళతాను. మీరు చేయించండి. నేనొచ్చాక చూసుకుంటాను" అంది.

అందరం హెడ్మాస్టారి వైపు చూశాం. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "తాళాలు ఇవ్వకూడదన్నాను గానీ, నేను రాకూడదని ఎక్కడా లేదుగా. ఆరున్నరకు నేనే వచ్చి తెరుస్తాను" అన్నారు.

"ఈ మంచులో పొదిలి నుంచా సార్?"

"మఫ్లరుందిలే అమ్మా."

ఆ మాటలన్నీ నేను కమిటీ పుస్తకంలో తీర్మానంగా రాశాను. సంతకాలు వచ్చినవాళ్ళు సంతకాలు పెట్టారు, రానివాళ్ళు వేలిముద్రలు వేశారు.

మొదటి రోజు నాకు భయం పట్టుకుంది. ఎవరూ రాకపోతే? దట్టంగా మంచు. వరండాలో నేనూ, ముసలావిడా, కాటా తాతా మాత్రమే ఉన్నాం. స్కూటరు ముందొచ్చింది. మఫ్లరులో ముక్కు తప్ప ఏమీ కనపడని హెడ్మాస్టారు దిగి తాళం తీశారు. తర్వాత దూరంగా ఆటో హారను. రోజూ నేరుగా చేల దారి పట్టే ఆటో ఆ రోజు బడి సందులోకి తిరిగింది. మేస్త్రమ్మ ముందు దిగి, ఒక్కొక్క పిల్లనూ చంకల కింద చేతులేసి పట్టుకుని దించింది. "ఒకటి, రెండు, మూడు..." అని నేను పైకే లెక్కపెట్టాను. ఇరవై ఆరు మంది దిగారు. అంతమంది ఆ ఆటోలో ఎలా పట్టారో ఇప్పటికీ నాకు తెలియదు. చివర దిగింది మా అమ్మాయి స్నేహితురాలు. ఇంట్లో దుప్పట్లో ఉండాల్సిన మా అమ్మాయి అప్పటికే వరండా మెట్టు మీద కాచుకుని కూర్చుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని లోపలికి పరిగెత్తారు.

అందరికీ నిద్రకళ్ళే. ముసలావిడ ఒకటో తరగతి వాళ్ళకు పట్టా పరిచి, "పడుకునేవాళ్ళు పడుకోండి" అంది. "బళ్ళో నిద్రేమిటమ్మా?" అని నేనంటే, "చేలో గట్టు మీద పడుకునే పిల్లలేగా. ఇక్కడ పడుకుంటే తప్పేంది?" అంది. వాళ్ళు లేచాక చప్పట్లు కొట్టుకుంటూ పాటలు పాడించింది. పాటలో పక్షుల పేర్లన్నీ అయిపోతే ఊళ్ళో కోళ్ళనూ, పావురాళ్ళనూ తెచ్చి కలిపేది.

కాటా తాత పెద్ద పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. పుస్తకం లేదు, పలక లేదు. "టిక్కీ అంటే ఏందిరా?" "మిరపకాయల బస్తా!" "టిక్కీ నలభై రెండు కిలోలు తూగింది. గోతం కిలో. ఏడు టిక్కీల్లో కాయ ఎంత?" మొదట్లో పిల్లలు వేళ్ళు లెక్కపెట్టుకునేవారు. మూడు వారాలు తిరిగేసరికి తాత ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వచ్చేది. హెడ్మాస్టారు గది గుమ్మంలో నిలబడి వింటూ ఉండేవారు. "నేను మూడేళ్ళుగా చెబుతున్న గుణకారం ఈయన మూడు వారాల్లో చెప్పేశాడమ్మా" అన్నారు నాతో. ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఇక నా వంతు చదివించడం. తెలుగు పర్వాలేదు. ఇంగ్లీషు దగ్గరే నా పరువు పోయింది. బోర్డు మీద టీచరమ్మ రాసిన మాటలు పిల్లలతో చెప్పిస్తూ 'నైఫ్' అని రాసినదాన్ని 'కునైఫ్' అన్నాను. పిల్లలంతా "కునైఫ్!" అని అరిచారు. తొమ్మిదింటికి టీచరమ్మ వచ్చి అడిగితే కూడా అదే అరిచారు. ఆమె నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగింది. ఆ రోజు సాయంత్రం బస్సు వచ్చేవరకూ అరగంట నన్ను వరండాలో కూర్చోబెట్టి ఏ అక్షరం ఎప్పుడు పలకాలో, ఎప్పుడు పలక్కూడదో చెప్పింది. తర్వాత అది రోజూ అలవాటైంది. నా ఇంటర్‌లో పోయిన ఇంగ్లీషు నాకు నా కూతురి బళ్ళో, నా కంటే పదేళ్ళు చిన్నదైన టీచరమ్మ దగ్గర తిరిగి వచ్చింది.

అంతా సాఫీగా సాగుతుంటే కొందరికి నచ్చలేదు. "చదువు రాని ముసలమ్మలు బడి నడపడమేంది?" అని ఎవరో ఆఫీసుకు అర్జీ పెట్టారు. ఆ సంగతి మాకు తెలిసింది మండల విద్యాధికారి గారు పొద్దున్నే ఏడుంబావుకు కారు దిగినప్పుడే.

సరిగ్గా ఆ రోజే హెడ్మాస్టారి స్కూటరు దారిలో పంక్చరైంది. గదులకు తాళాలు. అప్పటికి నలభై మందైన పిల్లలంతా వరండాలో ఉన్నారు. ముసలావిడ పాట పాడిస్తోంది. కాటా తాత టిక్కీలు తూస్తున్నాడు. నేను చీపురు పట్టుకుని మెట్లు ఊడుస్తున్నాను.

"మాస్టారు ఏరీ?" అన్నారు విద్యాధికారి గారు.

"దారిలో ఉన్నారండీ. స్కూటరు పంక్చరయిందని అటునుంచి వచ్చినవాళ్ళు ఇప్పుడే చెప్పారు."

"మరి మీరెవరు?"

చీపురు పక్కన పెట్టి, "చైర్మన్‌నండీ" అన్నాను. ఆయన నన్నూ, చీపురునూ చూశారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. "పిల్లలకి ఇక్కడ ఏం నేర్పుతున్నారు?" అని తాత పక్కకు వెళ్ళారు.

కాటా తాతకు అధికారులంటే తెలియదు. యార్డులో వచ్చేపోయే వ్యాపారిని చూసినట్టే చూశాడు. "రండి బాబూ, మీరూ ఒక లెక్క చెప్పండి. ఏడు టిక్కీలు, నలభై రెండేసి కిలోలు, గోతం కిలో. కాయ ఎంత?"

లెక్క వేసుకోవడానికి ఆయన చెయ్యి జేబులోని ఫోను వైపు వెళ్ళింది. మా అమ్మాయి స్నేహితురాలు పెద్ద పిల్లల వెనక నుంచి లేచింది. రెండో తరగతి పిల్ల, ఆ లెక్క దానిది కాదు. రోజూ విని విని పట్టేసినట్టుంది.

"గోతం తీసేస్తే నలభై ఒకటే గదా సార్. ఏడు నలభైలు రెండొందల ఎనభై. ఇంకో ఏడు. రెండొందల ఎనభై ఏడు!"

విద్యాధికారి గారు ఫోను తీయకుండానే చెయ్యి బయటకు తెచ్చుకున్నారు. మెల్లగా అదే లెక్కను నోట్లోనే గొణుక్కోవడం నాకు కనపడింది. తర్వాత నా వైపు తిరిగి, "దీనికి రాతపూర్వకంగా ఏమన్నా ఉందా అమ్మా?" అన్నారు.

కమిటీ పుస్తకం నా సంచిలోనే ఉంది. తెరిచి ఇచ్చాను. ఆయన నిలబడే మొత్తం చదివారు. కింద ఉన్న సంతకాలనూ, వేలిముద్రలనూ ఒక్కొక్కటే చూశారు. జేబులోంచి ఎర్ర కలం తీస్తుంటే అంతా కొట్టేస్తారనుకున్నాను. పైన నేను 'తీర్మాణం' అని రాశాను. ఆయన 'ణ' కొట్టేసి 'న' రాశారు. చివర "చూశాను" అని రాసి సంతకం పెట్టారు.

అప్పుడే హెడ్మాస్టారు చెమటలు కక్కుతూ స్కూటరు తోసుకుని సందు మలుపు తిరిగారు. కారు చూసి స్కూటరు అక్కడే నిలబెట్టేశారు. గబగబా వచ్చి నమస్కారం పెట్టారు.

"మాస్టారూ, మీరు లేకపోయినా మీ బడి నడుస్తోందండీ" అన్నారు విద్యాధికారి గారు. తిడుతున్నారో, మెచ్చుకుంటున్నారో ఎవరికీ అర్థం కాలేదు.

హెడ్మాస్టారు మఫ్లరు విప్పుకుంటూ, "అంతకంటే నాక్కావాల్సిందేముందండీ" అన్నారు.

విద్యాధికారి గారు అప్పుడు నవ్వారు. వంటావిడ ఇచ్చిన రాగిజావ వరండా గట్టు మీద కూర్చుని తాగి వెళ్ళారు. ఆ పూటే నేను చేలోకి వెళ్ళి సంగతంతా చెబితే మేస్త్రమ్మ చేతిలోని గోతం కింద పడేసి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె చొక్కాకున్న ఘాటుకు నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ రోజు నుంచే ఆమెను నేను అక్కా అని పిలుస్తున్నాను. ఆమెకు మాత్రం నేను ఇంకా చైర్మనమ్మనే.

ఆ ఏడు కోతలయ్యేవరకూ ఏ చేలోనూ మా బడి పిల్ల కనపడలేదు. మరుసటి ఏడు మా వీధిలోనే రెండిళ్ళవాళ్ళు పిల్లల్ని వ్యాను మాన్పించి మా దగ్గర చేర్చారు. "లెక్కలు బాగా చెబుతారంటగా" అన్నారు. కాటా తాత ఆ మాట ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు.

ఈ ఏడు కోతలకు మా ఊరి మనుషులు చాలలేదు. కర్నూలు వైపు నుంచి కూలీలు కుటుంబాలతో వచ్చి చేలల్లోనే ప్లాస్టిక్ పట్టలతో గుడారాలు కట్టుకుని దిగారు. వాళ్ళ పిల్లలు మిరపకళ్ళాల చుట్టూ తిరుగుతుంటే అక్కా నేనూ ఒక సాయంత్రం వాళ్ళ పట్టల దగ్గరికి వెళ్ళాం. ఒక తల్లి మమ్మల్ని అనుమానంగా చూసింది. "మేముండేది రెండు నెల్లే గదమ్మా. మా పిల్లోళ్ళని మీ ఇస్కూల్లో రానిస్తారా?" అంది. "పంపించి చూడు. రానీయకపోతే నన్నడుగు" అంది అక్క.

తొమ్మిది మంది వచ్చారు. వాళ్ళను ఎలా రాసుకోవాలో తెలియక హెడ్మాస్టారిని అడిగితే, "ముందు కూర్చోబెట్టండమ్మా. రాసే సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. మా పిల్లలు మొదటి రోజు వాళ్ళ యాసకు నవ్వారు. వారం తిరిగేసరికి మా అమ్మాయే ఇంట్లో "యాడికి పోతుండావు?" అని నన్నడగడం మొదలుపెట్టింది. ఆ పిల్లల్లో ఒకత్తె ముసలావిడకు తమ ఊరి కోలాటం పాట నేర్పింది. ఆవిడ ఆ పాటలోనూ కోళ్ళను చేర్చింది.

మొన్న ఆఖరి కోత. మిగిలిన ఎకరమంతా పదకొండింటికే అయిపోయింది. ఆటో ఇళ్ళకు వెళ్ళకుండా బడి ముందు ఆగింది. అక్క దిగి, "ఎప్పుడూ దించి పోవడమేగా. ఇవాళ మా పిల్లలు ఏం చదువుతున్నారో చూస్తాం మేడం" అంది టీచరమ్మతో. మా ఊరివాళ్ళూ కర్నూలు వాళ్ళూ అందరూ కలిపి ముప్ఫై మంది, ఎర్రటి దుమ్ము పట్టిన చొక్కాలతోనే గదిలోకి వచ్చి వెనక గోడ వారగా బారులు తీరి కూర్చున్నారు. పిల్లలు తల్లుల వైపు తిరిగి తిరిగి చూస్తున్నారు.

టీచరమ్మ కోలాటం పాట నేర్పిన కర్నూలు పిల్లను పిలిచి పాఠం చదవమంది. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని, గొంతు సవరించుకుని, మొదటి మాట చదవబోయి తుమ్మింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తుమ్మింది. ముందు వరసలో ఇద్దరు తుమ్మారు. తల్లుల చొక్కాల మీది మిరప ఘాటు గదంతా కమ్మేసింది. టీచరమ్మ తుమ్మింది. ఇన్ని తుమ్ములేమిటని పక్క గదిలోంచి వచ్చిన హెడ్మాస్టారు గుమ్మంలోనే మూడుసార్లు తుమ్మారు. అలవాటైన తల్లులకు మాత్రం ఏమీ కాలేదు. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, చివరకు ఆపుకోలేక పగలబడి నవ్వారు. పిల్లలు తుమ్ముకుంటూనే నవ్వారు. నేను నవ్వీ తుమ్మీ కింద కూలబడ్డాను.

"పదండే, కడుక్కొద్దాం" అని అక్క అందరినీ లేపింది. పిల్లలు పరిగెత్తి బోరింగు కొట్టడానికి పోటీ పడ్డారు. పిల్లలు కొడుతుంటే తల్లులు ముఖాలు, చేతులు కడుక్కుని, చొక్కాలు విప్పి ప్రహరీ గోడ మీద ఆరేసి, చీరలు సర్దుకుని మళ్ళీ వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ఆ పిల్ల పుస్తకం తెరిచి, వేలు పెట్టి, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా గట్టిగా చదివింది. వాళ్ళమ్మ పెదవులు కూడా ఆ పిల్ల వేలు వెంట కదులుతూనే ఉన్నాయి.